అంటుకుంటుందని ఎవరన్నారు?

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం, నా చర్మం ఒక్కటి తప్ప.

ఫోన్ చెయ్యొచ్చు కదా, ఉత్తరమేంటి మావయ్యా అంటావు. మా ఇంట్లో ఫోన్ మాట్లాడితే ముందు గదిలోంచి వంటింటి దాకా వినపడుతుంది. పోనీ కొట్లో మాట్లాడదామంటే అక్కడ అద్దం తప్ప అందరూ చెవులు రిక్కించేవాళ్ళే. పైగా ఫోన్ చెవికి ఆనించుకుంటే దర్జీకి ఒక చెయ్యి పోయినట్టే. అందుకని కాగితం పట్టుకున్నాను.

సంగతేంటంటే, నాకు మోచేతుల మీద, మెడ వెనక జుట్టు మొదలయ్యే చోట, నడుం కింద, మోకాళ్ళ మీద ఎర్రగా మచ్చలు లేచి తెల్లటి పొట్టు రాలుతుంది. ఈమధ్య కుడిచేతి బొటనవేలి మొదట్లో కూడా మొదలైంది. నిన్నామొన్నటిది కాదు, పద్దెనిమిదేళ్ళ నాటిది. వస్తుంది, కొన్నాళ్ళు పోతుంది, హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ దిగబడుతుంది. మొదట్లో ఒక డాక్టరు చూసి "సోరియాసిస్" అని ఒక్క ముక్క చెప్పి, ఒక ట్యూబు రాసి, గంట కొట్టి తరవాతివాణ్ణి పిలిచాడు. ఆ ముక్కకి అర్థమేంటో ఆయన చెప్పలేదు, నేనడగలేదు. అప్పట్నుంచి పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటున్నాను. నల్ల బట్ట కుట్టడం మానేశాను, పొట్టు కనపడుతుందని. అలా గడిచిపోయింది.

ఇప్పుడు గడవట్లేదమ్మా. మావాడికి పాప పుట్టి మూడు నెలలైంది. నేనింతవరకూ ఎత్తుకోలేదు. కోడలు తెచ్చి ఒళ్ళో పెట్టబోతే ఒకసారి చేతులకి సుద్ద ఉందన్నాను, ఒకసారి నోట్లో సూది ఉందని సైగ చేశాను, ఒకసారి అర్జెంటు పాంటు అన్నాను. ఎన్ని పాంట్లని చెప్పను? ఇది అంటుకుంటుందని వీధి వీధంతా అంటోంది. మొన్న బ్రెడ్డు కొట్టు ఆవిడ రొట్టె నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, "ఇంట్లో పసిపిల్ల ఉంది కదండీ, జాగ్రత్త, ఇది అంటుకుంటుంది" అంది. పాప చెయ్యి పట్టుబట్టలా ఉంటుందట. 'అట' అంటున్నాను చూడు. కళ్ళు మూసుకుని బట్టని వేళ్ళతో తడిమితే ఏ రకమో చెప్పేవాణ్ణి, నా మనవరాలి చెయ్యి ఎలా ఉంటుందో మీ అత్తయ్య చెబితే విని తెలుసుకుంటున్నాను.

నువ్వు పెద్దాస్పత్రిలో డాక్టరువి కదా. ఇది పూర్తిగా పోయే మందేదో, అది ఉన్న పుస్తకమేదో చూసి రాయి.

ఇట్లు,
నీ మావయ్య

తా.క.: నువ్వు డాక్టరువని కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. ముగ్గురు తమ జబ్బుల వివరాలు రాసిచ్చారు, జత చేశాను. పోస్ట్‌మాస్టరు గారిది కాస్త ముందు చూడు. లేకపోతే నీ జవాబు నాకు ఆలస్యంగా చేరుతుంది.

*

మావయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం నవ్వుతూ చదివాను. పాప దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

ముందొక మనవి. నేను డాక్టర్ని కాదు. వైద్య కళాశాలలో లైబ్రేరియన్ని. డాక్టర్లు చదివే పుస్తకాలు అలమారల్లో సర్దుతాను, చదివి వెనక్కివ్వని డాక్టర్ల వెంట పడతాను. ఈ మాట పదకొండేళ్ళుగా నీకు చెబుతూనే ఉన్నాను. ఆ ముగ్గురి కాగితాలూ తిప్పి పంపుతున్నాను. పోస్ట్‌మాస్టరు గారిది చదివాక ఈసారి వచ్చినప్పుడు ఆయన మొహం ఎలా చూడాలో తెలియట్లేదు.

అసలు సంగతికొస్తాను. సోరియాసిస్ అంటుకోదు. ముట్టుకుంటే రాదు, ఒకే తువ్వాలు వాడితే రాదు, ఎత్తుకుంటే రాదు. మన ఒంటిని కాపాడాల్సిన కాపలావాడే కంగారుపడి సొంత చర్మాన్ని తొందరపెడతాడు. నెల రోజుల్లో తయారవాల్సిన చర్మం నాలుగైదు రోజుల్లోనే తయారైపోయి, పాతది రాలేలోగా దాని మీద పేరుకుంటుంది. అదే నీ పొట్టు. పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదు మావయ్యా. ఉందని చెప్పి నిన్ను సంతోషపెట్టలేను. అదుపులో ఉంచే మందులు మాత్రం బోలెడున్నాయి, పద్దెనిమిదేళ్ళ కిందటి కంటే చాలా మంచివి. దీనికి సంబంధించిన పేజీలు రెండు జత చేశాను.

ఎవరేం చెప్పినా నమ్మే ముందు ఒక పని చెయ్యి. మా లైబ్రరీలోకి ఏ పుస్తకం తెప్పించాలన్నా మేం మూడు ప్రశ్నలు వేసుకుంటాం. ఎవరు చెప్పారు? ఎంతమందిని చూసి చెప్పారు? మనం నమ్మితే వాళ్ళకేం లాభం? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని పుస్తకం గుమ్మం దాటి లోపలికి రాదు. నువ్వూ అలాగే అడుగు.

స్నానం కాగానే ఒళ్ళు పూర్తిగా ఆరకముందే చిక్కటి లేపనం రాసుకో. రంగూ వాసనా లేనిదైతే మంచిది. ఇక, ఎక్కడెక్కడ ఎంతెంత మేర ఉందో వివరంగా రాసి పంపు. ఇక్కడి చర్మాల డాక్టరమ్మకి చూపించి, మీకు దగ్గర్లో ఎవరి దగ్గరికెళ్ళాలో కనుక్కుంటాను.

ఉంటాను,
నీ మేనకోడలు

తా.క.: పాపని ఎత్తుకో.

*

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు డాక్టరువి కాదన్న సంగతి కొట్లో ఎవరికీ చెప్పలేదు. పరువు పోతుంది. పోస్ట్‌మాస్టరు గారికి మాత్రం "ముందు ఉప్పు తగ్గించమంది" అని చెప్పాను. తగ్గించాడు. హుషారుగా ఉన్నాడు.

నీ మూడు ప్రశ్నలూ అట్ట మీద పెద్దక్షరాలతో రాసి అద్దం పక్కన తగిలించాను. దాంతో నా కొంప మునిగింది. వినుకో.

ఇస్త్రీ కొట్టాయన వచ్చి పాలు మానెయ్యి, తగ్గిపోతుందన్నాడు. ఎవరు చెప్పారన్నాను. వాళ్ళ బావమరిదట. ఎంతమందిని చూసి చెప్పాడన్నాను. "ఎవర్నీ చూడలేదు, పాపం ఆయనకి చూపు ఆనదు" అన్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు ఏదో ఆకు పసరు పూయమన్నారు. ఎంతమందికి తగ్గిందండీ అంటే, ఒకడికి పూశారట. తగ్గిందా అంటే, "వాడు మళ్ళీ నా కంటపడలేదు, తగ్గకపోతే వచ్చి అడగడూ?" అన్నారు. లెక్కల మాస్టారు కదా, లెక్క తేల్చేశారు. మందుల షాపాయన ఒక డబ్బా తెచ్చి ఇది రాస్తే ఈ జన్మలో మళ్ళీ రాదన్నాడు. మూడో ప్రశ్న చూపించాను. అంతే, మొహం కందగడ్డ చేసుకుని, కుట్టడానికిచ్చిన కోటు లాక్కుని వెళ్ళిపోయాడు. దానికి ఒక చెయ్యే కుట్టి ఉంది. రెండో చెయ్యి నా దగ్గరే ఉండిపోయింది. అడగడానికి ఆయనకి అభిమానం అడ్డు, ఇవ్వడానికి నాకు బెరుకు.

మావాడు ఫోన్‌లో వెతికాడు. ముందు గుండె జారిపోయే బొమ్మలు, వాటి కిందే మందు బుడ్డీ. ఒకాయన తెల్లకోటు వేసుకుని నలభై రోజుల్లో మాయమంటూ ఊదరగొట్టాడు. నేను ఆయన మాట వినలేదు, కోటు చూశాను. భుజాలు రెండంగుళాలు కిందికి జారాయి, చేతులు గోళ్ళ దాకా వచ్చాయి. అది ఆయన కోటు కాదు. సొంత కోటు లేని డాక్టరు నాకేం చెబుతాడు?

ఇప్పుడు నిన్నూ అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు. అంటుకోదని ఎవరు చెప్పారు? పుస్తకం. ఆ పుస్తకం నా మోచెయ్యి చూసిందా? ఇటు వీధిలో పాతికమంది అంటుకుంటుందంటున్నారు, అటు నీ పేజీలు రెండు. నా ఒక్కడి సంగతైతే నీ మాటే విందును. తప్పైతే అనుభవించేది ఆ పసిది. దాన్ని పెట్టి పందెం కాయడం నా వల్ల కాదు.

లేపనం సంగతి చెప్పావు కదా, చిక్కగా ఉండాలి, రంగూ వాసనా ఉండకూడదని. వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. కుట్టుమిషనుకి వేసే తెల్ల గ్రీజు సరిగ్గా అలాంటిదే. నాలుగు రోజులుగా రాస్తున్నాను. మోచెయ్యి భలే తిరుగుతోంది.

ఇట్లు,
నీ మావయ్య

తా.క.: నువ్వడిగిన వివరం విడిగా వస్తుంది. అది రాతలో తేలే పని కాదు.

*

మావయ్యా!

నమస్కారాలు తరవాత. ముందు ఆ గ్రీజు సబ్బుతో కడిగెయ్. ఇప్పుడే. ఈ ఉత్తరం పక్కన పెట్టి వెళ్ళు.

కడిగావా? అది ఇనుముకి, నువ్వు మనిషివి. మందుల షాపులో ఒంటికి రాసుకునే తెల్ల వాజిలీను దొరుకుతుంది. ఆ షాపాయనతో మాటల్లేవు కాబట్టి అత్తయ్యని పంపు. పనిలో పనిగా ఆ రెండో చెయ్యి కూడా ఇచ్చి పంపు.

నా మీద నీకు కోపం లేదని నీ పార్సిల్ చూశాక తెలిసింది. లోపల చీటీ కూడా పెట్టకుండా కాగితంతో కోసిన కోటు కటింగ్ పంపావు చూడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందు భాగం, వెనక భాగం, చేతులు, మోకాళ్ళ దాకా పొడుగు. కుట్టుకోసం అంచు కూడా వదిలావు. మా ఆస్పత్రి కుట్టుగదిలో దుప్పట్లు, డాక్టర్ల కోట్లు కుట్టే అక్కకి చూపిస్తే, "ఎవరమ్మా ఈయన? కాగితం మీదే మనిషి నిలబడినట్టుంది" అని మురిసిపోయింది. నా కొలతలు మాత్రం పూర్తిగా మర్చిపోయావు. భుజాలు నాకంటే రెండు వేళ్ళు ఎక్కువ. అయినా ఫర్వాలేదు, వదులుగా ఉంటే గాలాడుతుంది.

ఎర్ర సుద్దతో గీసిన గుండ్రాలేంటో మొదట అర్థం కాలేదు. అక్కే చెప్పింది, అవి పూల గుర్తులని. నీలం బట్ట మీద తెల్ల దారంతో కుట్టేసింది. మెడ వెనక సన్నటి వరుస, మోచేతులకి చెరొక పెద్ద పువ్వు, నడుం కింద ఒక గుత్తి, అంచు దగ్గర రెండు, కుడిచేతి చివర బొటనవేలి పక్కన చిన్న మొగ్గ. నడుం కింద పూలు ఏ ఊరి ఫ్యాషనో గానీ, వెనక నుంచి చూసినవాళ్ళంతా బాగుందంటున్నారు.

ఉంటాను,
నీ మేనకోడలు

తా.క.: కోటు పంపి నా నోరు మూయించొచ్చనుకోకు. వివరం ఇంకా రాలేదు.

*

మేనకోడలికి,

ఆశీస్సులు తరవాత చూద్దాం. అది కోటు కాదే తల్లీ, అది నేను!

ఎక్కడెక్కడ ఎంతెంత మేర ఉందో పంపమన్నావు. మాటల్లో రాస్తే ఎవరికి తెలుస్తుంది? అరచెయ్యంత అంటే ఎవరి అరచెయ్యి? అందుకని నాకు చేతనైన పద్ధతిలో చేశాను. కొట్టు మూసి, పరదా లాగి, చొక్కా విప్పి నిలబడితే మీ అత్తయ్య టేపు పట్టింది. నన్ను నేను నిలువునా కొలిచి కాగితం కోసి, మచ్చ ఉన్న చోటల్లా దాని సైజుకి సరిగ్గా గుండ్రం గీశాను. అంచు వదిలింది అలవాటు కొద్దీ. ముప్ఫై ఏళ్ళ చెయ్యి, అంచు వదలకుండా కొయ్యమంటే కొయ్యదు.

ఊరందరి నడుమూ కొలిచాను గానీ నన్నెవరూ కొలవలేదు ఎప్పుడూ. మీ అత్తయ్యకి తెలియని మచ్చలు కావు. అయినా టేపు పెట్టి ఒక్కొక్కటీ చదువుతుంటే నాలుగో దానికి ఆవిడ గొంతు మారిపోయింది. "ఇంత ఉందా?" అంది. నేను అంకె రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను. అంత సిగ్గు చంపుకుని పంపితే దాని మీద పూలు కుట్టించి ఊరేగుతావా?

కోపంగా రాస్తున్నాను గానీ కోపం నీ మీద కాదు. నిన్న పాప తొట్టిలో ఏడుపందుకుంది. మీ అత్తయ్య బజారుకెళ్ళింది, కోడలు స్నానానికెళ్ళింది. నేనొక్కణ్ణే ఉన్నాను. తొట్టి కాలికి టేపు కట్టి, దూరంగా కుర్చీలో కూర్చుని, లాగి వదిలి లాగి వదిలి ఊపాను. ఊరుకోలేదు. అది నా వైపే తిరిగి, చేతులు చాపి ఏడుస్తుంటే నేను టేపు లాగుతూ కూర్చున్నాను. నాకూ ఏడుపొచ్చింది. ఇంతలో కోడలు తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చింది. టేపు చూసింది, నన్ను చూసింది. పాపని తీసుకుని లోపలికెళ్ళిపోయింది. ఆ పిల్ల తిట్టినా బాగుండేది.

వీధి మాట నిజమో, నీ పుస్తకం మాట నిజమో తేల్చి చెప్పేవాళ్ళు ఈ లోకంలో ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళ అడ్రసు రాయి. పుస్తకం వద్దు, మనిషి కావాలి.

ఇట్లు,
మావయ్య

తా.క.: ఆ కోటు వేసుకుని బయట తిరగకు. తిరిగేదుంటే భుజాలు రెండు వేళ్ళు లోపలికి తీయించు. అలా వేలాడుతూ కనపడితే కటింగ్ నాదని తెలిసి నా పేరు చెడుతుంది.

*

మావయ్యకి నమస్కారాలు, క్షమాపణలు, ఇంకా ఏమున్నాయో అవన్నీ.

నీ ఉత్తరం అందేసరికే ఆలస్యమైంది. ఆ కోటు వేసుకుని వారం రోజులు తిరిగాను. ఎనిమిదో రోజు వరండాలో చర్మాల డాక్టరమ్మ ఎదురొచ్చింది. ఇద్దరు విద్యార్థులతో గబగబా పోతున్న మనిషి ఠక్కున ఆగి, "అమ్మాయ్, ఆగు. వెనక్కి తిరుగు. చేతులెత్తు" అంది. ఏం తప్పు చేశానో తెలియక అందరి ముందూ చేతులెత్తి నిలబడ్డాను. "ఈ పూలు ఎవరు పెట్టమన్నారు? మోచేతులు, మోకాళ్ళు, నడుం కింద, జుట్టు అంచు. ఇది డిజైను కాదు, ఇది నా పేషెంటు!" అంది. విద్యార్థుల వైపు తిరిగి, "రాసుకోండి, సోరియాసిస్ సాధారణంగా ఎక్కడెక్కడ వస్తుందో ఇంతకంటే బాగా ఏ పుస్తకంలోనూ దొరకదు" అని నన్ను గిర్రున తిప్పింది.

ఆ సాయంత్రమే నీ ఉత్తరం అందింది. దాన్నీ, కాగితాల్నీ పట్టుకుని ఆవిడ గదికి పరుగెత్తాను. కటింగ్ బల్ల మీద పరిచి, అరచెయ్యి ఆనించుకుంటూ కొలిచింది. మొత్తం పదకొండు అరచేతులు లెక్కొచ్చింది. ట్యూబు మందు చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే రెండు అరచేతులంత చోటుకి సరిపోతుందట. మందు కూడా కొలత పెట్టి రాస్తారని తెలిస్తే నువ్వు సంతోషిస్తావని నవ్వుకున్నాను.

నువ్వు మనిషి కావాలన్నావు కదా, నీ మూడు ప్రశ్నలూ ఆవిణ్ణే అడిగాను. అంటుకోదని ఎవరు చెప్పారు? "నేను చెబుతున్నాను." ఎంతమందిని చూసి? "ఇరవై రెండేళ్ళుగా వేలమందిని, ఇదిగో ఈ చేతులతో ముట్టుకుని చూశాను." చేతులు రెండూ తిప్పి చూపించింది. ఒక్క మచ్చ లేదు. మనం నమ్మితే మీకేం లాభం? కటింగ్ మడత పెడుతూ, "ఆయన ఆ పిల్లని ఎత్తుకుంటే నాకు రేపు కాస్త నిద్ర పడుతుంది" అంది.

ఒక సంగతి దాచకుండా చెప్పమంది. ఇది కుటుంబాల్లో ఒకరి తరవాత ఒకరికి రావచ్చు. పాపకి ఎప్పుడో రావచ్చు, చాలామటుకు రాకపోవచ్చు. వచ్చినా అది రక్తంలోంచి వచ్చేదే, నీ చేతుల్లోంచి కాదు. నువ్వు ఎత్తుకోనంత మాత్రాన రాకుండా ఆగేదీ లేదు.

బొటనవేలి మచ్చ సంగతి కూడా అడిగింది. ఆయన కత్తెర పిడిలోని ఉంగరం అక్కడే ఒరుసుకుంటుందా అని. చర్మం ఒరుసుకున్న చోట ఇది కొత్తగా లేస్తుందట. ఉంగరానికి మెత్తటి గుడ్డ చుట్టు. పొద్దున్నే వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోతుంటే అది కూడా డాక్టరుతో తప్పకుండా చెప్పమంది. మీ దగ్గరి ఆస్పత్రిలో ఆవిడ దగ్గర చదువుకున్న డాక్టరు ఉన్నాడు. అతనికి రాసిన ఉత్తరం జత చేశాను. ఈసారి అతను గంట కొట్టినా లేవకు. అడగాల్సినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళు.

చివరగా ఒకటి నా మాట. పాలు మానమన్న మాటనీ, పసరునీ, తెల్లకోటునీ, ఆఖరికి నన్ను కూడా నిలదీశావు. అంటుకుంటుందన్న మాటనొక్కదాన్ని అడక్కుండా ఎందుకొదిలేశావు మావయ్యా? భయపెట్టే మాటైతే ప్రశ్న ఉండదా?

ఉంటాను,
నీ మేనకోడలు

తా.క.: డాక్టరమ్మకి నీ చేత ఒక కోటు కుట్టించుకోవాలని ఉందట. పూలు వద్దంది.

*

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు, ఈసారి నిండుగా.

డాక్టరు దగ్గరికెళ్ళాను. చిన్న వయసువాడే, కోటు భుజాలు సరిగ్గా ఉన్నాయి, అక్కడే సగం నమ్మకం కుదిరింది. ఉత్తరం చదివి, నా మోచెయ్యి చేతిలోకి తీసుకుని వేలితో మచ్చ అంచు తడిమాడు. పద్దెనిమిదేళ్ళలో మీ అత్తయ్య కాక ఇంకొకరు దాన్ని ముట్టుకోవడం అదే మొదలనిపించింది. కాగితం మీద రాసుకెళ్ళిన పదహారు ప్రశ్నలూ ఆయనే చేతిలోంచి తీసుకుని చదివి జవాబులు చెప్పాడు. గంట కొట్టలేదు. అసలా గదిలో గంటే లేదు.

అయినా ఇంటికొచ్చి పాప తొట్టి దగ్గర నిలబడి మళ్ళీ వెనక్కి తగ్గాను. బుర్రకి ఎక్కింది, చేతులకి ఎక్కలేదు. అప్పుడు నీ చివరి మాట గుర్తొచ్చింది. సరే, దాన్ని కూడా నిలదీద్దామని కొట్టు మూసి బయల్దేరాను.

ముందు బ్రెడ్డు కొట్టు ఆవిడ. అంటుకుంటుందని ఎవరు చెప్పారమ్మా? ఇస్త్రీ కొట్టాయన చెప్పాడంది. ఇస్త్రీ కొట్టాయన్ని అడిగితే లెక్కల మాస్టారన్నాడు. అంత చదువుకున్నాయన చెబితే నిజమే కాబోలనుకున్నాడట. మాస్టారు చాలాసేపు కళ్ళజోడు తుడిచి, "పాత మాటోయ్, గుండీల షాపాయన చెప్పినట్టు గుర్తు" అన్నారు. గుండీల షాపాయన దగ్గరికెళ్ళాను. నీకు తెలుసుగా, పాతికేళ్ళుగా ఆయన దగ్గరే గుండీలు కొంటున్నాను. ఒకప్పుడు రోజూ నా కొట్లో కూర్చుని టీ తాగేవాడు. తరవాత్తరవాత గుమ్మం దగ్గరే నిలబడి పోవడం మొదలెట్టాడు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

"ఇది అంటుకుంటుందని నీకెవరు చెప్పారయ్యా?" అన్నాను.

ఆయన నా మొహం వింతగా చూసి, "అదేంటి, నువ్వే కదా చెప్పావు!" అన్నాడు.

ఆయన చెబుతుంటే నాకూ మెల్లగా గుర్తొచ్చింది. మచ్చలు కొత్తగా లేచిన రోజులవి. ఆయన టీ తాగుతూ నా మోచెయ్యి పట్టుకుని "ఇదేంటి, ఎలా వచ్చింది, ఎవరికి చూపించావు" అని ఆరాలు మొదలెట్టాడు. కొట్టు నిండా మనుషులున్నారు. సిగ్గుతో నాకు ఒళ్ళు మండిపోయింది. "ముట్టుకోకు, అంటుకుంటుంది" అన్నాను. ఆయన ఠక్కున చెయ్యి తీసేశాడు.

నన్ను నేనే ప్రశ్నించుకున్నాను, వీధి మధ్యలో నిలబడి. ఎవరు చెప్పారు? నేనే. ఎంతమందిని చూసి చెప్పాను? ఒక్కణ్ణి కూడా చూడలేదు. నాకేం లాభం? ఆ పూట ఆయన ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయాడు, అంతే లాభం. ఆ ఒక్క పూట మొహమాటం కోసం అన్న మాట ఊరంతా తిరిగి తిరిగి, బ్రెడ్డు కొట్టు ఆవిడ నోట్లోంచి నా దగ్గరికే వచ్చింది. నేను దాన్ని గుర్తుపట్టకపోగా, నా కుట్టు నాకే ఎవరో తెచ్చి చూపిస్తే భయపడిపోయాను. నా మాట విని గుండీల షాపాయన దూరమయ్యాడు, నా మాట విని నేనూ నా మనవరాలికి దూరంగా కూర్చున్నాను. ఎంత మూర్ఖుణ్ణి అమ్మడూ!

ఆయనకి అక్కడే చెప్పాను, అది అబద్ధమని. "అయితే పద్దెనిమిదేళ్ళు నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టావా?" అని నానా తిట్లూ తిట్టాడు. తిట్టి తిట్టి, టీ చెప్పాడు.

టీ తాగలేదు. నేరుగా ఇంటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. చొక్కా చేతులు పైకి మడిచాను, మోచేతుల దాకా. కోడలి ముందు చేతులు చాపి నిలబడి "ఇవ్వమ్మా" అన్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం నా మొహం చూసి, పాపని చేతుల్లో పెట్టింది.

పట్టుబట్టలా ఉందని ఎవరన్నారో గానీ వాళ్ళకి బట్ట తెలియదు. అలాంటి నేత ఇంతవరకూ ఎవరూ నెయ్యలేదు.

ఇట్లు,
నీ మావయ్య

తా.క.: ఈ అక్షరాలు నావి కావని నువ్వు మొదటి వరుసలోనే పట్టేసి ఉంటావు. నేను చెబుతున్నాను, కోడలు రాస్తోంది. నా రెండు చేతులూ ఖాళీ లేవు.

ఇంకో తా.క., ఇది నాది అక్కా: మావయ్య గారికి ఇంట్లో పసిపిల్ల ఉండటం ఇష్టం లేదేమోనని ఇన్నాళ్ళుగా లోలోపల కుమిలిపోయాను. వేరే ఇల్లు చూద్దామని మీ బావతో అనేశాను కూడా. ఆ మచ్చల గురించి నాకు పెళ్ళికి ముందే తెలుసు, అంటుకోదని మా అమ్మ అప్పుడే డాక్టర్ని అడిగి కనుక్కుంది. ఆయన నన్నొక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఇప్పుడేమో పాలు పట్టాలి, ఇవ్వండి మావయ్య గారూ అంటే "నిద్రపోతోంది, కదపకు" అంటున్నారు. అది కళ్ళింత చేసుకుని నన్నే చూస్తోంది.